రాములవ్వ ముఖం గీసిన పోస్టరు, ఇంకా నా మిగతా ఆస్తి

గుండెమోని స్వప్నిల్ అనే నేను, తండ్రి కీర్తిశేషులు యాదగిరి, వయసు ఇరవై ఆరు, ముంబయి కామాటిపుర పదమూడో గల్లీలో మూడో అంతస్తు పదిహేడో ఖోలీలో ఉంటున్నవాణ్ణి, ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎవరూ పక్కన కూచుని రాయించలేదు. తాగలేదు, జ్వరం లేదు, మతి చక్కగా ఉంది. కోపం కూడా లేదు. అది దిగడానికే ఆలస్యమైంది. బుధవారం మొదలుపెట్టిన కాగితం శుక్రవారం పూర్తవుతున్నది అందుకే.

సోమవారం నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. ఏడేళ్లప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం దాన్ని తినేసిందట. వందలో తొంభై ఐదుగురు లేచి నడుస్తారని డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన ఐదుగురూ ఎవరని నేను కొంచెం గట్టిగానే అడిగాను. "ఇదిగో, ఈ అరుపులే నీ గుండెకు పడవు" అన్నదామె. ఆ ఐదుగురిలో నేనుంటే ఈ వీలునామా అమల్లోకి వస్తుంది.

నాకు భూమి లేదు, బంగారం లేదు. ఖోలీ అమ్మ పేరు మీద ఉంది. నాకున్నదల్లా రాక్షసులు. పాత సినిమాల రాక్షసులు, వాళ్ల పోస్టర్లు. వాటితోపాటు నేను చేసిన ఒక తప్పు ఉంది. తప్పును ఎవరికీ రాసివ్వలేను కనుక అది ఎలా జరిగిందో రాసిపెడుతున్నాను.

1. ఈ వీలునామాను నడిపించే బాధ్యత మా అక్క దర్శనది. "వీలునామాలు ముసలోళ్లు రాస్తర్రా, నీకేమున్నదని?" అని నవ్వింది. ఏమున్నదో కింద చూసుకోవచ్చు. అక్కకు నా పుస్తకాలన్నీ ఇస్తున్నాను. వాటిలో సగం పుస్తకాలు కావు, ఫుట్‌పాత్ మీదా సభల బయటా ఏరుకొచ్చిన కరపత్రాలు. మునిసిపాలిటీ తెలుగు బడి ఏడో తరగతితో అయిపోయింది, కాలేజీ పన్నెండుతో ఆగింది, మిగతాది నాకు నేర్పింది అవే. అక్క వాటిని చదవదని తెలుసు. తూకానికి మాత్రం వెయ్యొద్దు.

2. నా కళ్లు దానం. ఫారం నింపి ఆసుపత్రిలో ఇచ్చాను. పిండాలు, పదకొండో రోజు, కాకి కోసం ఎదురుచూడడం ఏవీ వద్దు. ఇది నా నమ్మకం. అయితే మా అమ్మ రత్నాబాయి ఏడ్చుకుంటూ ఒక కొబ్బరికాయ కొడితే ఆమెను ఎవరూ ఆపకూడదు. నా సిద్ధాంతాలు పట్టుకొని ఆమెతో వాదించే హక్కు నాకొక్కడికే ఉండేది. ఆ హక్కును ఎవరికీ రాసివ్వడం లేదు. నా ఫోను అమ్మకు. అందులో ఆమె పాడిన బతుకమ్మ పాటలు పదకొండున్నాయి, ఆమెకు తెలియకుండా రికార్డు చేశాను. గిన్నెల అర మీద నా కరపత్రాలు పరిచినందుకు మొన్న అరిచాను. పరుచుకోవచ్చమ్మా.

3. ఎదురు ఖోలీ విక్కీకి నా హార్డ్ డిస్కు. అందులో నూట నలభై పాత రాక్షస సినిమాలున్నాయి, ఎక్కువ నలుపూ తెలుపువి. షరతులు: ముందుకు జరిపి చూడకూడదు. చూస్తూ ఫోను పట్టుకోకూడదు. పట్నాన్ని తొక్కే బల్లి వీపు మీద జిప్పు కనబడగానే "అరే, జిప్పు రా" అని ఎగరకూడదు. విక్కీ ప్రతిసారీ ఎగురుతాడు. ఒరే, ఆ జిప్పు చూసే కదా నేను ఆ సినిమాను ప్రేమించింది. ఆ రబ్బరు తొడుగులో ఒక మనిషి ఉన్నాడు. గాలి ఆడక, చెమటలు కారుతూ, పొద్దంతా అట్టపెట్టెల మేడలు తొక్కి, సాయంత్రం కూలి తీసుకొని ఇంటికి పోయినవాడు. అతని పేరు తెర మీద వెయ్యరు. ఏ రాక్షసుణ్ణి చూసినా నాకు మొదట లోపలి మనిషే గుర్తుకొస్తాడు. అలా అని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను. నా గొప్ప ఎంతదో ఐదో క్లాజులో తేలుతుంది.

4. మా తాత ఆంజనేయులు వేసిన పోస్టర్లు. కాగితం మీదివి పదకొండు, గుడ్డ మీదిది ఒకటి. గుడ్డ సంగతి తర్వాత.

తాత పాలమూరు నుంచి ఇళ్లకు సున్నాలు వేసే పనికి వచ్చినవాడు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద అప్పట్లో గుల్నార్ టాకీస్ అని ఒక చిన్న హాలు ఉండేది. దేశమంతా తిరిగి గీతలు పడిన విదేశీ రాక్షస సినిమాలు చివరికి అక్కడికి చేరేవి. రీళ్ల డబ్బాలు వచ్చేవి గానీ పోస్టర్లు వచ్చేవి కావు. హాలు గోడకు రంగు వేస్తున్న తాతను మేనేజరు పిలిచి "బొమ్మ వేస్తావా?" అన్నాడట. తాత సినిమా చూడకుండానే బొమ్మ వేసేవాడు. ప్రొజెక్టరు నడిపే ఆయన బీడీ కాల్చినంత సేపట్లో కథ చెప్పేవాడు. ఆ కథకు ముఖం కావాలి. ముఖాలు మా చాల్‌లోనే, ఈ ఒంటిగది ఖోలీల మేడలోనే, దొరికేవి.

వరండాలో పీట వేసి కూచోబెట్టి, గడ్డం కింద టార్చిలైటు పెట్టి, "పండ్లు సూపియ్యి, కండ్లు పెద్దగ చెయ్యి" అనేవాడు. కూచున్నందుకు బాల్కనీ టికెట్టు. అలా అతుకుల మనిషి, మిల్లులో కూలీలను పనికి పెట్టే మా జాబరయ్యాడు. తోడేలు మనిషి పాలాయన. శవాల గుడ్డలు చుట్టుకొని నడిచేవాడు రెండో అంతస్తు దర్జీ. జనం ఆదివారం పిల్లల్ని ఎత్తుకొని పోయి గోడ మీద తమ ముఖాలు చూసుకొని వచ్చేవాళ్లు. నా పదో ఏట చనిపోయేదాకా తాత ఈ కథలే చెప్పాడు. నాకు రాక్షసులంటే భయం ఎలా పుడుతుంది? అందరూ మావాళ్లే.

బురదలోంచి లేచే చేప రాక్షసుడి పోస్టరు శంకర్రావు గారికి. ఆయన మా చాల్ కమిటీ సెక్రటరీ. ఆ పోస్టర్లో బుగ్గలు పూరించిన ముఖం ఇరవై ఏళ్లప్పటి ఆయనదే. నేను చందాల లెక్క అడిగానని నన్ను "కాగితం పులి" అన్నారు. పోస్టర్లు కొంటానన్న ఒక పాత బొమ్మలు పోగుచేసే బాబును మా అమ్మ దగ్గరికి నాకు చెప్పకుండా తీసుకొచ్చారు. అది మరిచిపోలేదు. అయినా ఆయన ముఖం ఆయనకే చెందాలి.

చిమ్మెట రెక్కల అమ్మాయి పోస్టరు వర్లిలో ఉండే కోమల్‌కు. ఎందుకని అడిగితే, మూడేళ్ల కింద ఆమె ఆ బొమ్మ ముందు చాయ్ చల్లారేదాకా నిలబడిందని చెప్పాలి. అంతకంటే రాయను. ఇది కోర్టుకు పోయే కాగితం.

మిగిలిన తొమ్మిది ఎవరి ముఖాలో వాళ్ల పిల్లలకు. చిట్టా అట్టపెట్టెలో ఉంది.

5. ఇప్పుడు గుడ్డ.

ఇక్కడ రాస్తున్నది మా వరండాలోనే పద్నాలుగో ఖోలీలో ఉండే రాములవ్వ కథ. బుధవారం ఈ క్లాజుకు జాగా వదిలి, రాయొచ్చా అని నిన్న ఆమెనే అడిగాను. "రాయి. ఊరి పేరు రాయకు, ఆడ మా అన్న మనుమరాండ్లున్నరు" అన్నది. కనుక ఊరి పేరు రాయడం లేదు.

1984లో గుల్నార్‌కు ఒక మంత్రగత్తె సినిమా వచ్చింది. మేనేజరు ఈసారి గేటు మీద కట్టేంత పెద్ద బొమ్మ, గుడ్డ మీద వేయమన్నాడు. అప్పుడు రాములవ్వకు ఇరవై ఆరు. మొగుడు పోయాడు, బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసేది. ఏ రాక్షస సినిమా వచ్చినా మొదటి ఆట ఆమెదేనట. "అందర్ని గోడ ఎక్కిస్తున్నవు చిన్నాయినా, నన్నెప్పుడు ఎక్కిస్తవ్?" అని తాతను ఆమే అడిగింది. తాత వేశాడు. విరబోసిన జుట్టు, పైకి లేచిన కనుబొమలు, పెదాల నుంచి కారే ఎరుపు, నాలుగు కోరలు. పనిలోంచి వస్తూ రోజూ గేటు కింద నిలబడి, తనను చూసి జడుసుకునే జనాన్ని చూసి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వేదట.

సినిమా వెళ్లిపోయాక గుడ్డ బొమ్మలు చాల్‌కే వచ్చేవి. ఆయిలు రంగు పట్టిన గుడ్డ వానకు తడవదు. అందుకని ఊరికి పోయేటప్పుడు మావాళ్లు మూటలు వాటిలో కట్టి బస్సు మీద వేసేవాళ్లు. ఏటా మా రాక్షసులు పాలమూరు జిల్లాకు బస్సుల మీద ఎక్కి పోయేవాళ్లు. అక్కడ ఆ గుడ్డలనే పందిరికి కప్పేవాళ్లు, ధాన్యం మీద పరిచేవాళ్లు. ఎవరికీ తప్పు తోచలేదు. ముంబయిలో అది బొమ్మ. బొమ్మ వేసింది ఎవరో, కూచున్నది ఎవరో అందరికీ తెలుసు. ఊళ్లో ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

ఆ ఏడు రాములవ్వ తన మూటను తన బొమ్మలోనే కట్టుకుంది. మురిపెం. ఊళ్లో గుడిసె ముందు ఎండకు అడ్డంగా దాన్నే కట్టింది. వానలు పడ్డాయి, వాంతులూ విరేచనాలతో ఆ వాడలో ముగ్గురు పిల్లలు చనిపోయారు. బొంబాయిలో బాణామతి నేర్చి వచ్చిందన్నారు. సాక్ష్యం గుమ్మానికే వేలాడుతోంది కదా అన్నారు. గుంజకు కట్టి, మంత్రం పలకకుండా ముందటి పండ్లు నాలుగు పట్టకారతో పీకారు. పోస్టర్లో తాత కోరలు వేసిన చోటే. ఆ గుడ్డలోనే చుట్టి కాలబెడదామని కొందరన్నారు. పోలీసు జీపు రావడంతో ఆగింది. పోలీసులు అడిగితే ఎవరూ ఏమీ చూడలేదన్నారు.

ఆమె తిరిగి వచ్చి, గుడ్డను మడిచి మా గడప మీద పెట్టి తన ఖోలీలోకి పోయింది. తాత ఆ తర్వాత బ్రష్ పట్టలేదు. చేతులు వణుకుతున్నాయని అందరికీ చెప్పాడు. పరంజా మీంచి పడి పండ్లు పోయాయని ఆమె అందరికీ చెప్పింది. ఇద్దరివీ అబద్ధాలే, ఒకే వరండాలో పాతికేళ్లు ఉన్నాయి. చిన్నప్పుడు నేను ఆమెను "బోసి దయ్యం" అని పిలిచి పరిగెత్తేవాణ్ణి. తాత నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకు కొట్టాడో చెప్పలేదు.

నా తప్పు ఇది. నిరుడు "దయ్యం లేదు, భయం ఉంది" అని పదహారు పేజీల కరపత్రం రాసి ఐదు వందల కాపీలు అచ్చు వేయించాను. అట్ట మీదికి మంచి దయ్యం కావాల్సి వచ్చింది. అటక మీద ట్రంకు తెరిచాను. గుడ్డ విప్పగానే నా అట్ట ఇదే అనుకున్నాను. ఇంత మంచి బొమ్మను తాత ఎందుకు దాచాడని ఆలోచించలేదు. ఎవరు కూచున్నారని ఎవరినీ అడగలేదు. ఫొటో తీసి అట్ట మీద వేశాను. కామాటిపురలో పంచాను, ధారావిలో పంచాను, కూలీలు నిలబడే నాకాలో పంచాను. మేస్త్రీ సైదులు యాభై కాపీలు జిల్లాకు పట్టుకుపోయాడు. అక్కడ ఒక ముసలాయన అట్ట చూసి "ఇది ఇంక బతికే ఉన్నదా?" అన్నాడట. సైదులుకు ఏమీ తెలియదు. తిరిగి వచ్చి మా వరండా నల్లా దగ్గర తమాషాగా చెప్పాడు. బిందె పట్టుకొని రాములవ్వ అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం కరపత్రం పట్టుకొని మా ఖోలీకి వచ్చింది. చదువు రాదు, అట్ట మీద వేలు పెట్టింది. "దయ్యం లేదని రాసినవట, మంచిదే బిడ్డా. మరి గీ దయ్యానికి నా మొకమెందుకు వెట్టినవు?" అంది. తర్వాత కథంతా చెప్పింది. ఏడవలేదు. ఆ రోజు నుంచి ఏడు నెలలు, నేను నల్లా దగ్గర ఉంటే ఆమె రాలేదు.

కాపీలు వెనక్కి ఏరుకొచ్చాను. నాలుగు వందల ముప్పై ఒకటి దొరికాయి. అరవై తొమ్మిది దొరకలేదు. దయ్యం లేదని ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఏదో ఒక గుడిసె తడికకు ఆమె ముఖం అంటించి ఉంటుంది. ఆ ఇంట్లో వచ్చే వానాకాలం ఏ బిడ్డకో జ్వరం వస్తుంది. ట్రంకు మూసే ఉన్నా, దాని కింద కూచొని అన్నం తినలేకపోతున్నాను. ఆ కళ్లు చెక్కలోంచి, రేకులోంచి, నా నెత్తి మీదికి చూస్తాయి. నన్ను పట్టింది దయ్యం కాదు, అరవై తొమ్మిది కాగితాలు.

6. ఈ క్లాజు కొట్టివేశాను. గీత కింద అక్షరాలు కనబడేలాగే ఉంచాను, పక్కన సంతకం పెట్టాను. నోటరీ గుమాస్తా కొత్త కాగితం మీద శుభ్రంగా రాయమన్నాడు. నేను రాయను. నేను రాసింది నలుగురూ చూడాలి. కొట్టివేసిన మాటలు ఇవి:

"నేను పోయిన మర్నాడు ఆ గుడ్డను గల్లీ మొగలో, పదిమంది ముందు, మా అక్క నా క్షమాపణ చదివి నిప్పు పెట్టాలి. ఆ అబద్ధపు ముఖం బూడిద కావాలి."

బుధవారం ఇది రాసి, చాలా గొప్ప పని చేశానని అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పోయి రాములవ్వకు చెప్పింది. గురువారం పొద్దున ఆమె మా గడప దగ్గరికి వచ్చింది, ఏడు నెలల తర్వాత.

"కాలవెడ్తవా నన్ను?" అన్నది. "ఆనాడు వాండ్లు గదే అన్నరు. కోపంతోని అన్నరు. నువ్వు ప్రేమతోని అంటున్నవు. అగ్గి అగ్గే గద బిడ్డా."

పాత సినిమా ఏదైనా చివరికి ఊరంతా కాగడాలు పట్టుకొని వస్తుంది. నూట నలభై సినిమాల్లోనూ నేను రాక్షసుడి పక్షమే. ఆరో క్లాజు రాసేటప్పుడు కాగడా నా చేతిలో ఉందని ఆమె చెబితే గానీ తెలియలేదు.

7. కనుక దాన్ని మార్చి ఇలా రాస్తున్నాను.

గుడ్డను కాల్చకూడదు, అమ్మకూడదు, ఫొటో తియ్యకూడదు, అచ్చు వెయ్యకూడదు. మొదట దాన్ని రాములవ్వకే రాసిస్తానన్నాను. "నాకెందుకురా? పొద్దున లేస్తనే నన్ను సూసి నేనే జడుసుకోవాల్నా?" అని నవ్వింది. బోసి నోటితో, కడుపారా. గేటు కింద నిలబడి నవ్విన నవ్వు అదే అయి ఉంటుంది. తర్వాత ట్రంకు దించమంది, తనే విప్పింది, చాలాసేపు చూసింది. "చిన్నాయిన మంచిగనే వేసిండు. ముక్కొక్కటి నాది గాదు" అన్నది. మళ్లీ మడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "మొకం లోపటికి మడువకు. ఊపిరాడది."

గుడ్డకు ఊపిరి ఉండదు. అది నాకు తెలుసు, పదహారు పేజీలు రాశాను. అయినా గుడ్డను ముఖం పైకి వచ్చేలాగే మడిచి ట్రంకులో పెట్టాను. అక్క దర్శన దాన్ని అలాగే ఉంచాలి. ఎవరికి చూపించాలో ఎవరికి వద్దో రాములవ్వ ఉన్నన్నాళ్లు ఆమె చెప్పిందే మాట.

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. నా చావును అడ్డం పెట్టుకొని ఎవరూ ఆమెను అడగకూడదు.

8. మేస్త్రీ సైదులుకు నా వీపు సంచి, నా బూట్లు, అరవై తొమ్మిది కాపీలు ఏయే నాకాల్లో, ఏయే ఊళ్ల వాళ్లకు ఇచ్చానో రాసిన నోటుబుక్కు. ఊరికి పోయిన ప్రతిసారీ ఒక్కటైనా వెతికి తేవాలి. ఇంట్లోవాళ్లు అడిగితే బొమ్మ గురించి చెప్పాలి. ఎవరు వేశారు, ఎవరు కూచున్నారు, కూచున్నందుకు బాల్కనీ టికెట్టు ఇచ్చారని చెప్పాలి. ఆ సంగతి చెప్పే మనిషి లేకనే ఇదంతా జరిగింది.

9. సోమవారం దాటి నేను బతికితే ఈ వీలునామా పక్కన పెట్టొచ్చు. ఎనిమిదో క్లాజు మాత్రం ఆగదు. కుట్లు మానగానే ఆ సంచి నేనే వేసుకుంటాను.

10. సాక్షుల గురించి. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని గుమాస్తా చెప్పాడు. అందుకే కింద ఇస్త్రీ దుకాణం సాయికుమార్‌కు ఏమీ రాయలేదు. "ఒక్క పోస్టరు గూడ లేదా భయ్యా?" అని అలిగాడు, అలిగే సంతకం పెట్టాడు.

ఈ రోజు రెండో సాక్షి కోసం వెతుకుతున్నప్పుడు రాములవ్వ మళ్లీ వచ్చి మా గడప మీద కూచొని ఉంది. సాక్షి అంటే ఏం చేయాలని అడిగింది. ఈ మనిషి నా కళ్ల ముందు, తెలివితో ఉండి రాశాడని చెప్పాలి, రేపు ఎవరు అడిగినా అదే చెప్పాలి అన్నాను.

"నన్ను గుంజకు కట్టిన్నాడు ఊరంత ఉండె. పోలీసోడు అడిగితే ఒక్కడు నోరిప్పలే. నాకు గుడ్డ వద్దు, ఏం వద్దు. సాక్ష్యం నేనుంట."

ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, కింద వేలిముద్ర తీసుకున్నాను.

ముంబయి, కామాటిపుర
శుక్రవారం, 14 నవంబరు 2025

(సంతకం)
గుండెమోని స్వప్నిల్ యాదగిరి

సాక్షులు:

ఒకటి. సాయికుమార్, ఇస్త్రీ దుకాణం, కింది అంతస్తు. (సంతకం)

రెండు. బైకని రాములమ్మ, పద్నాలుగో ఖోలీ, మూడో అంతస్తు. (ఎడమ బొటనవేలి ముద్ర)
"పిలగాడు నా ముందట రాసిండు. సోయిల ఉండి రాసిండు. ఎవరొచ్చి అడిగినా చెప్త. నేను సూసిన."